మగ్గానికి నూలు

పోచంపల్లి చీర కొనేటప్పుడు మనం రంగు చూస్తాము, అంచు చూస్తాము, ఆపైన బేరమాడుతాము. దానిని నేయడానికి ఎన్నాళ్ళు పట్టిందని అడిగేవారు కొందరుంటారు. ఆ చీరలోని దారాన్ని ఎక్కడ, ఎవరివద్ద, ఏ షరతుమీద కొన్నారని అడిగేవారు మాత్రం బహు అరుదు. మగ్గం ఆడుతుందా, ఆగుతుందా అన్నది చాలవరకు ఆ కొనుగోలులోనే తేలిపోతున్నది. ధరలు నిలకడగా ఉన్నంతకాలం ఈ విషయం మరుగున ఉంటుంది. ధరలు ఊగిసలాడినప్పుడు బయటపడుతుంది.

ముందుగా ఒక చిన్న మనవి. 2016లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు భూదాన్ పోచంపల్లి, పుట్టపాక గ్రామాలు యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరాయి. గద్వాల జోగులాంబ పేరుతో వేరు జిల్లాకు కేంద్రమయింది. నారాయణపేట 2019లో తానే ఒక జిల్లా అయింది. చెప్పుకొనే సౌలభ్యంకోసం నేను నల్లగొండ, మహబూబ్‌నగర్ అనే పాతపేర్లే వాడుతాను.

ఈ రెండు జిల్లాలలోను పత్తి విస్తారంగా పండుతుంది. దేశంలో పత్తి ఎక్కువగా పండించే రాష్ట్రాలలో తెలంగాణ ఒకటి. కాబట్టి చేను పక్కనే మగ్గం ఉన్నది, ఇక నూలుకు కొరత ఏమిటని ఎవరికైనా తోచవచ్చును. కాని చేనుకు, మగ్గానికి నడుమ ఉన్న దారి చాలా పొడవు. పత్తి జిన్నింగు మిల్లులో గింజ వేరై, బేళ్ళుగా కట్టబడి, ఎక్కువభాగం దూరపు నూలు మిల్లులకు పోతుంది. తిరిగి మన నేతగాని ఇంటికి వచ్చే సన్ననూలు సాధారణంగా కోయంబత్తూరు వైపునుంచి వస్తుంది. మన పత్తి మనకే తిరిగి వస్తున్నదని అనుకోవడానికీ వీలులేదు. ఇక్కడ ఎక్కువగా పండే పత్తి పింజ ముప్ఫై, నలభై నెంబరు నూలుకు చక్కగా సరిపోతుంది. ఎనభై, నూరు నెంబరు నూలు తీయాలంటే అంతకంటె పొడుగు పింజ కావాలి. అందుచేత, ఊరి పత్తిని ఊరిలోనే వడికితే చాలునన్న మాట వినడానికి ఇంపుగా ఉన్నా, సన్ననేత నేసేవానికి అది సమాధానం కాజాలదు.

పట్టు సంగతి మరొకటి. దారం కర్ణాటకనుంచి రావాలి. చైనా పట్టు రాకపోకల ప్రభావమూ ధరమీద ఉంటుంది. జరీ సూరత్ నుంచి రావాలి. గద్వాల చీరను తీసుకోండి. దాని నడిమిభాగం నూలు, అంచూ కొంగూ పట్టు, ఆపైన జరీ. మూడు సరుకులు మూడు దిక్కులనుంచి వస్తేనే ఆ మగ్గం ఆడుతుంది. నూలు, పట్టు ఇంటినిండా ఉన్నా, జరీ రాకపోతే మగ్గం ఆగినట్టే. కొనుగోలు చేసేవాడు చౌకగా దొరికినదానిని ఎక్కువ తెచ్చుకోవడంకంటె, దొరకనిదానిని ముందు చూసుకోవడం అవసరం. ఈ చిన్న సూత్రాన్ని పెద్ద కర్మాగారాలవారు ఖరీదైన చదువులు చదివి నేర్చుకొంటారు. గద్వాల నేతగాండ్రకు అది అనుభవంలో వచ్చినది.

పోచంపల్లి నేతలో చిక్కు ఇంకొకవిధమైనది. అక్కడ బొమ్మ బట్టమీద పడదు, దారంమీద పడుతుంది. ఆసుమీద దారం పోసి, లెక్కప్రకారం రబ్బరు పట్టీలతో గట్టిగా కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్ళీ కట్టి మరొక రంగులో ముంచుతారు. నేత మొదలుకాకముందే చీర రూపం నిర్ణయమైపోతుంది. ఆసు పోయడంలో ఆడవారి భుజాలు పడే బాధ చూసి, ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం తన తల్లికోసం యంత్రం కనిపెట్టిన విషయం మీలో చాలామందికి తెలిసినదే. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఈ పద్ధతివల్ల వ్యాపారంలో కలిగే ఫలితాన్ని గమనించండి. రంగు వేయని చిలప చేతిలోని రొక్కంవంటిది. ఎవరికైనా అమ్మవచ్చును, దేనికైనా వాడవచ్చును. కట్టి రంగు వేసిన పడుగు అలా కాదు. ఆ బొమ్మకు గిరాకీ పోతే దానిని మరొక చీరగా మార్చలేరు. పడుగు ఒకటి, రెండు చీరలకు సరిపడేది కాదు, అంతకంటె పొడవైనది. అంటే నేతగాడు కొన్ని నెలల తరువాతి బజారును ఈనాడే ఊహించి, తన పెట్టుబడిని కట్టివేస్తున్నాడన్నమాట. 2020 మార్చి 25న దేశమంతా మూతపడినప్పుడు పోచంపల్లి మగ్గాలమీద ఉన్న పడుగులన్నీ అటువంటివే. దుకాణాలు మూసి ఉన్నాయి, పెళ్ళిళ్ళు ఆగిపోయాయి, నేసిన చీరలు ఇంటిలో మూలిగాయి. కొత్తనూలు కొనడానికి డబ్బు ఆ చీరలు అమ్ముడైతేగాని రాదు.

ఆ తరువాత ధరలు ఎక్కసాగాయి. 2021 ఫిబ్రవరి బడ్జెటులో దిగుమతి పత్తిమీద సుంకం విధించారు, ముడిపట్టుమీద సుంకం పదినుంచి పదిహేను శాతానికి పెంచారు. రైతుల దృష్టితో చూస్తే అందులో న్యాయం ఉన్నది. పత్తి పండించేవాడూ మన జిల్లావాడే. కాని 2022 మే నాటికి పత్తి ధర క్యాండీకి, అనగా 356 కిలోలకు, లక్ష రూపాయల స్థాయికి చేరింది. ఆ ఏప్రిల్ 14నుంచి ప్రభుత్వం పత్తి సుంకాన్ని తాత్కాలికంగా తీసివేయవలసి వచ్చింది. మరుసటి సంవత్సరానికి అదే క్యాండీ అరవైవేల ప్రాంతానికి దిగింది. లక్ష ఉన్నప్పుడు, ఇంకా పెరుగుతుందేమోనన్న భయంతో అప్పుచేసి నూలు నిలవచేసినవాని గతి ఏమిటో మీరే ఊహించండి. ధర పెరగడంవల్ల నష్టపోయినవారిని అందరూ తలచుకొంటారు. ధర పడిపోవడంవల్ల మునిగినవారిని తలచేవారు తక్కువ.

ఇట్టి సమయాలలో చేతిలో రొక్కంలేని నేతగానికి మిగిలే దారి ఒకటే. సావుకారు, మనవారు మాస్టరు వీవరు అంటారు, నూలు తెచ్చి ఇస్తాడు. నేసిన చీర ఆయనకే ఇచ్చి మజూరీ తీసుకొంటాడు. ధరల ఎగుడుదిగుళ్ళు సావుకారు నెత్తిన పడతాయి, నిజమే. ఆయనను నిందించడం నా అభిప్రాయం కాదు. 2020లో ఆయన గదిలోనూ చీరలు గుట్టలు పడ్డాయి. అయితే నూలు ఎవరిదో చీర వారిదే అవుతుంది. నిన్నటివరకు తన చీరకు తాను ధర చెప్పినవాడు, ఈనాడు రోజుకూలివాడౌతాడు. మళ్ళీ సొంతంగా నూలు కొనే స్థితికి రావడం చాలా కష్టం. ఈ కథ ఈనాటిది కాదు. 1941లో ఆచార్య పి. జె. థామస్ అధ్యక్షతన చేనేత, మిల్లుల పరిస్థితిని విచారించిన సంఘం కూడా నూలు సరఫరాను, నేతగాడు వ్యాపారులపై ఆధారపడి ఉండడాన్ని ప్రధాన విషయాలుగా ఎంచింది.

ప్రభుత్వం చేసిన ఏర్పాట్లు లేకపోలేదు. మరమగ్గానికి కోనులమీద చుట్టిన నూలు కావాలి. చేమగ్గానికి చిలపలు కావాలి, రంగు అద్దేది చిలపకే గనుక. మిల్లులు తమ నూలులో ఇంతభాగం చిలపలుగా కట్టాలనే నియమం ఉన్నది. ఆ భాగం మొదట యాభై శాతం, 2003లో నలభై, 2019లో ముప్ఫై శాతం అయింది. 1983లో ఏర్పడిన జాతీయ చేనేత అభివృద్ధి సంస్థ మిల్లు ధరకే నూలు అందజేస్తుంది. 2021-22లో మొదలైన ముడిసరుకు పథకంలో నూలుచిలపలకు, దేశీయ పట్టుకు నిర్ణీత పరిమాణంవరకు పదిహేను శాతం ధర తగ్గింపు ఏర్పరచారు. ఇది మంచి సహాయమే. కాని ముందుగా డబ్బు కట్టగలిగి, కోరిన నెంబరు సకాలంలో అందితేనే అది మగ్గందాకా చేరుతుంది. సహకార సంఘం బలంగా ఉన్నచోట ఆ పని సాగుతుంది. సంఘం పేరుకు మాత్రమే ఉన్నచోట నేతగాడు సావుకారు గడపకే పోతాడు.

బలమైన సంఘం కొనుగోలు ఎలా చేయాలి? నా దృష్టిలో ముఖ్యమైనది, ఉన్న సొమ్మంతా ఒకేసారి వెచ్చించకపోవడం. లెక్కకోసం ఒక ఉదాహరణ చెబుతాను. పట్టు కిలో నాలుగువేలు, తరువాత అయిదువేలు, ఆపైన ఆరువేలు అయిందనుకోండి. ప్రతిసారీ అరవైవేల రూపాయల సరుకే కొంటే, మొదట 15 కిలోలు, తరువాత 12, చివర 10 వస్తాయి. మొత్తం 37 కిలోలకు 1,80,000 రూపాయలు. కిలో సగటున 4,865 పడుతుంది. ధర పెరిగినప్పుడు తక్కువ, తగ్గినప్పుడు ఎక్కువ దానంతట అదే కొనబడుతుంది. ధర రేపు ఎటు పోతుందో జోస్యం చెప్పవలసిన పని ఉండదు.

అయితే ఈ పద్ధతికి మగ్గం ఒక హద్దు గీస్తుంది. వేరు వేరు లాట్ల దారం ఒకే రంగులో ముంచినా ఒకేతీరుగా రంగు పట్టదు. కనుక ఒక పడుగుకు కావలసిన దారమంతా ఒకే లాటులోనిది కావాలి. విడతలుగా కొన్నా, విడత ఒక్కొక్కటి నిండు పడుగుకు సరిపోయేటట్లుండాలి. నారాయణపేటలో ఎనిమిది చీరల పడుగు, 56 గజాలు, ఒకేసారి మగ్గానికి ఎక్కిస్తారు. వారికి ఈ హద్దు మరీ పెద్దది. ఒక్కొక్క సంఘానికి ఇది భారమనిపిస్తే, ఒకే నెంబరు నూలు వాడే రెండు మూడు సంఘాలు కలిసి ఇండెంటు పెట్టుకోవచ్చును. అలా చేసినప్పుడు ఏ బేలు ఎవరిదో ముందే వ్రాసుకోకపోతే తగాదాలు వస్తాయి.

తూకం విషయంలో కూడా ఒక మాట. పట్టు గాలిలోని తేమను పీలుస్తుంది. వ్యాపారంలో నూటికి పదకొండుపాళ్ళ తేమను లెక్కకు తీసుకొంటారు. ముసురు రోజులలో తూచి కొన్న సరుకు వేసవిలో తూచితే తగ్గుతుంది. కిలో వేల రూపాయలు పలికే సరుకులో ఈ తేడా చిన్నది కాదు. సంఘానికి సొంత త్రాసు, తూచిన తేదీతో సహా వ్రాసే పుస్తకం ఉండాలి.

దసరా పండుగకు, ఆ తరువాతి పెళ్ళిళ్ళకు చీరలు బజారుకు రావాలంటే, చిటికి కట్టడం ఆషాఢంలోనే ఆరంభం కావాలి. అంటే నూలు జ్యేష్ఠంలోగా ఇల్లు చేరాలి. సంఘాలు అమ్మిన బట్టకు రావలసిన బాకీలు వసూలయ్యేది ఆ నెలకు ముందా, తరువాతా అన్నదానిమీదనే, ఆ సంవత్సరం ఎన్ని మగ్గాలు సొంతనూలుతో ఆడుతాయో ఆధారపడి ఉంటుంది.