ఆరడుగుల దూరములో అభినయము

టెలివిజన్ ధారావాహికలో ఒక పెండ్లి జరుగుచున్నదనుకొందము. పందిరి వేసినారు. మామిడాకుల తోరణము కట్టినారు. సన్నాయి మ్రోగుచున్నది. వధూవరులు పీటలపై కూర్చున్నారు; పురోహితుడున్నాడు; ఇరువైపుల తల్లిదండ్రులున్నారు. కాని పందిటిలో చుట్టములు లేరు. కెమెరా వధువు ముఖము నుండి వరుని ముఖమునకు, అక్కడి నుండి మంగళసూత్రమునకు మరలి, తిరిగి వధువును చేరుచున్నది. పందిటిని మాత్రము ఒక్కసారియు పూర్తిగా చూపదు. ఎందుకు చూపదు? చూపుటకు అక్కడ ఎవ్వరును లేరు కనుక.

2020వ సంవత్సరములో కోవిడ్ మహమ్మారి నడుమ చిత్రీకరణ సాగించినవారికి ఎదురైన చిక్కు ఇట్టిది. ఆ రోజులలో నిజమైన పెండ్లికే 50 మందికి మించి అతిథులు కూడరాదని ప్రభుత్వము నియమము చేసియున్నది. ఇక నటనలోని పెండ్లి సంగతి చెప్పనేల?

రేడియో శ్రోతలకు ఈ చిక్కు కొంత వింతగా తోచవచ్చును. శ్రవ్యనాటకములో పెండ్లివారిని పుట్టించుటకు నలుగురు నటుల కంఠములు, కొంత గిన్నెల చప్పుడు, ఒక సన్నాయి రికార్డు చాలును. మిగిలిన పందిరి అంతయు శ్రోత తన మనస్సులోనే వేసికొనును. టెలివిజన్‌కు ఆ సౌలభ్యము లేదు. చెవిని నమ్మించుట వేరు, కంటిని నమ్మించుట వేరు. కన్ను మనిషిని చూడగోరును. మనిషి పక్కన మనిషిని చూడగోరును. సరిగా ఆ రెండవ మనిషినే మహమ్మారి నిషేధించినది.

మొదట అన్నియు ఆగిపోయినవి. 2020 మార్చి 15న ముంబయిలో చలనచిత్ర, టెలివిజన్ రంగములకు చెందిన సంఘములు సమావేశమై, 19వ తేదీ నుండి నెలాఖరు వరకు చిత్రీకరణలు నిలిపివేయుటకు తీర్మానించినవి. ఆ గడువు ముగియకముందే, మార్చి 25 నుండి దేశమంతట లాక్‌డౌన్ వచ్చినది. దినసరి ధారావాహికకు నిల్వ తక్కువ. ఈ వారము తీసినది వచ్చు వారము ప్రసారమగును. రోజు కూలితో ఇల్లు గడుపుకొను సంసారము వంటిది దాని బ్రతుకు. పని ఆగిన కొద్ది దినములకే డబ్బాలోని బియ్యము నిండుకొన్నట్లు కొత్త భాగములు నిండుకొన్నవి. చానళ్లు పాత భాగములను వెదకి తీసి మరల ప్రసారము చేసినవి. మార్చి 28 నుండి దూరదర్శన్ 1987 నాటి 'రామాయణ్' ధారావాహికను పునఃప్రసారము చేయగా, ఏప్రిల్ 16 నాటి భాగమును 7.7 కోట్ల మంది చూచినారని ఆ సంస్థ ప్రకటించినది. పాత కథకు ఇంత ఆదరణ లభించుట సంతోషకరమే. కాని పాత కథలో ఆనాటి లైట్‌మన్‌కు కొత్త కూలి పుట్టదు.

ఇట్లు ఆగుట ఇది మొదటిసారి కాదు. 1918లో ఇన్‌ఫ్లుయెంజా విజృంభించినప్పుడు అమెరికా చలనచిత్ర నిర్మాతలు అక్టోబరు మధ్య నుండి కొన్ని వారముల పాటు కొత్త చిత్రముల విడుదలను ఆపుకొన్నారు. కాని ఆనాడు ప్రతి సాయంకాలము ఇంటింట ఎదురుచూచు ధారావాహిక లేదు. 2020లో ఉన్నది. కావున తిరిగి ఆరంభించుట ఎట్లు అన్న ప్రశ్న త్వరలోనే తలయెత్తినది.

చిత్రీకరణ స్థలమును ఎరుగనివారికి ఆ ప్రశ్నలోని కాఠిన్యము తెలియదు. ఒక నటి ఒక్క వాక్యము చెప్పుటకు ఎందరు ఆమె దాపునకు రావలెనో చూడుడు. మేకప్ చేయువారు జానెడు దూరములో నిలిచి ముఖము దిద్దవలెను. జడ వేయువారొకరు, చీర కుచ్చెళ్లు సవరించువారొకరు. మాటను పట్టు చిన్న మైకును దుస్తుల మాటున అమర్చువారొకరు. వెలుతురు ముఖముపై ఎట్లు పడుచున్నదో చూచువారొకరు. పాఠము అందించు సహాయ దర్శకుడొకరు. చెమట అద్దుటకు, టీ అందించుటకు ఇంకొకరు. వీరందరును తలుపులు మూసిన గదిలో, వేడి దీపముల క్రింద, గంటల తరబడి ఉండవలెను. గాలి ద్వారా వ్యాపించు రోగమునకు ఇంతకంటె అనువైన చోటు వెదకినను దొరకదు. పైగా అందరి ముఖములకును మాస్కు తగిలింపవచ్చును గాని, కెమెరా ముందు నిలిచిన నటునికి తగిలింపరాదు. అందరిలోను రక్షణ లేనివాడు అతడొక్కడే.

మహారాష్ట్ర ప్రభుత్వము మే నెలాఖరున, తెలంగాణ ప్రభుత్వము జూన్ మాసములో చిత్రీకరణలకు అనుమతి ఇచ్చినవి. ఆగస్టు 23న కేంద్ర సమాచార, ప్రసార శాఖ దేశమంతటికిని నియమావళి ప్రకటించినది. కెమెరా ముందు ఉన్నవారికి తప్ప అందరికిని మాస్కు. వీలైనంత వరకు ఆరడుగుల ఎడము. మేకప్ చేయువారికి రక్షణ దుస్తులు. ఒకరి దుస్తులు, విగ్గులు, మైకులు మరొకరు వాడకుండ జాగ్రత్త. భోజనములకు సైతము ఎడముగా కూర్చుండుట. చదువుటకు సులభముగా ఉన్నవి. ఆచరణలో ఒక్కొక్క నియమము ఒక్కొక్క సన్నివేశమును మ్రింగివేసినది. ప్రణయము దూరమైనది. తల్లి కొడుకును కౌగిలించుకొనరాదు. విరోధులు చొక్కా పట్టుకొనరాదు. రచయితలు కథను కాక కొలబద్దను ముందు పెట్టుకొని వ్రాయవలసివచ్చినది.

ఈ చిక్కును విప్పుటకు వివిధ దేశములవారు వివిధోపాయములు పన్నినారు. ఆస్ట్రేలియాలో 'నైబర్స్' అను ధారావాహికవారు 2020 ఏప్రిల్ నెలాఖరునకే పని ఆరంభించినారు. వారు సిబ్బందిని వేరువేరు జట్లుగా విభజించి, ఒక జట్టువారు మరొక జట్టువారిని కలియకుండ చేసినారు. ఒకరికి రోగము వచ్చినచో ఆ జట్టు మాత్రమే ఇంటికి పోవును. తక్కిన పని సాగును. ఓడలో నీరు చొరకుండ అరలు కట్టినట్టి ఉపాయమిది.

ఇంగ్లండులో 'ఈస్ట్‌ఎండర్స్' కథ ఇంకొకటి. 1985లో మొదలైన ఆ ధారావాహిక నిల్వ అయిపోగా 2020 జూన్ 16న ప్రసారము ఆపి, సెప్టెంబరు 7న మరల వచ్చినది. అరగంట భాగము ఇరువది నిమిషములైనది. నటుల నడుమ కంటికి కనబడని పారదర్శక ఫలకములు నిలిపినారు. దగ్గర కావలసిన చోట నటుల నిజజీవిత భాగస్వాములనే బదులు నిలిపి, వెనుకనుండి చిత్రించినారు. అమెరికాలో 'ది బోల్డ్ అండ్ ది బ్యూటిఫుల్' అను ధారావాహికవారు బొమ్మలను సైతము నాయికలకు బదులుగా నిలిపినారు.

ఇక కెమెరావారి నేర్పు ఒకటి కలదు. దూరపు వస్తువులను దగ్గరగా చూపు కటకముతో, ఇద్దరు మనుష్యులను ఒకే వరుసలో వచ్చునట్లు నిలిపి చిత్రించినచో, వారి మధ్యనున్న ఆరడుగులును కుదించుకొని రెండడుగులవలె కనబడును. లేదా ఒక్కొక్కరిని వేరువేరుగా చిత్రించి, కూర్పుగదిలో ఎదురెదురుగా నిలుపవచ్చును. ఒకరు ఉదయము మాటాడినది, మరొకరు సాయంకాలము వినినట్లు చూపవచ్చును. ఇది పాత విద్యయే. మహమ్మారి దానిని నిత్యకృత్యము చేసినది. కాని ఎదుటి మనిషి కన్నులు చూడక పలికిన మాటలో ఏదో లోపించును. ఆ లోపమును ప్రేక్షకుడు పేరు పెట్టి చెప్పలేకపోయినను గ్రహింపగలడు.

ఇంతవరకు చెప్పినది నేర్పును గూర్చి. ఇక న్యాయమును గూర్చి చెప్పవలసియున్నది.

మహారాష్ట్ర నియమావళిలో ఒక షరతు ఉండెను. 65 ఏండ్లు దాటినవారెవ్వరును చిత్రీకరణ స్థలమునకు రారాదు. కోవిడ్ వృద్ధులకు అధిక ప్రమాదకరమన్న మాట నిజమే. షరతు వెనుకనున్న ఉద్దేశము మంచిదే. కాని తాతయ్యలు, అమ్మమ్మలు లేని ధారావాహిక మన దేశములో ఏది? అది కథకు వచ్చిన నష్టము మాత్రమే. ఆ తాతయ్య వేషము వేయు మనిషికి వచ్చిన నష్టము వేరు. చిన్న చిన్న పాత్రలతో జీవించు 70 ఏండ్ల నటుడొకరు బొంబాయి హైకోర్టును ఆశ్రయించినారు. దుకాణములోను, ఇతర వృత్తులలోను పెద్దవారు పని చేయుటకు అడ్డు లేనప్పుడు తమకు మాత్రము ఎందుకీ అడ్డు అన్నది ప్రశ్న. ఆరోగ్యముగానున్న వృద్ధుడు బయటికి పోయి సంపాదించుకొనుటకు వీలు లేనిచో గౌరవముగా ఎట్లు జీవించునని న్యాయస్థానము ఆలోచించినది. 2020 ఆగస్టు 7న ఆ షరతును కొట్టివేసినది.

ఆ తీర్పు వెలువడుటకు అయిదు దినముల ముందే, 77 ఏండ్ల అమితాబ్ బచ్చన్ కోవిడ్ నుండి కోలుకొని ఆసుపత్రి విడిచినారు. ఆ ఆగస్టులోనే 'కౌన్ బనేగా కరోడ్‌పతి' చిత్రీకరణకు వచ్చినారు. తన చుట్టును నీలిరంగు రక్షణ దుస్తుల సముద్రమున్నదని వ్రాసికొన్నారు. 2000వ సంవత్సరములో మొదలైన ఆ కార్యక్రమము ప్రేక్షకులు లేకుండ జరుగుట అదే మొదలు. వేగపరీక్షలో పదిమందికి బదులు ఎనిమిది మందిని కూర్చుండబెట్టినారు. సభలో ప్రేక్షకులు లేరు కావున వారి అభిప్రాయమడుగు సహాయము పోయి, వీడియోలో మిత్రుని పిలుచు సహాయము వచ్చినది. ప్రసిద్ధ నటునికి తలుపులు తెరచిన ఆ తీర్పును సాధించినది పేరు తెలియని పాత్రధారి అన్నది మరువరానిది.

మన తెలుగునాట 'బిగ్‌బాస్' నాలుగవ పర్యాయము హైదరాబాదులో ఆ సెప్టెంబరు 6న మొదలై డిసెంబరు 20న ముగిసినది. పాల్గొనువారిని ముందుగా హోటలు గదులలో విడివిడిగా ఉంచి, పరీక్షించి, పిదప లోపలికి పంపినారు. తలుపులు మూసిన ఇంట్లో బయటివారి ముఖము చూడక వారముల తరబడి ఉండుట అంతకుముందు వింతగా ఉండెడిది. 2020లో దేశమంతయు అట్లే ఉండివచ్చినది కనుక ఎవ్వరికిని వింత తోచలేదు.

అయినను గోడలకును పరిమితి కలదు. మలయాళ 'బిగ్‌బాస్' 2020 మార్చిలోనే నడుమ ఆగిపోయినది. మరుసటి ఏడు మే మాసములో చెన్నై సమీపమున జరుగుచున్న దాని తరువాతి పర్యాయమును, సిబ్బందిలో కొందరికి కోవిడ్ సోకగా అధికారులు నిలిపివేసినారు. అద్దముల లోపలివారికి కట్టుదిట్టమైన కాపలా ఉన్నది. అద్దముల వెలుపల కెమెరాలు నడుపువారు, అన్నము వండువారు, ఊడ్చువారు ప్రతిదినము ఇంటికి పోయి వచ్చువారే. రక్షణ కొందరికే చుట్టిన కంచె అయినచో రోగము రెండవ గుమ్మము గుండ వచ్చును.

2021 ఏప్రిల్‌లో రెండవ విజృంభణము వచ్చి మహారాష్ట్రలో చిత్రీకరణలు మరల నిషేధింపబడినప్పుడు, హిందీ ధారావాహికలు కొన్ని గోవాకును, హైదరాబాదుకును తరలినవి. మే నెలలో గోవాయును తలుపు మూసినది. నటీనటులు తరలినారు. దినకూలి పనివారు అందరును తరలగలిగినారా?

ఈ ప్రశ్న మొదటినుండియు ఉన్నదే. మహారాష్ట్రలో 33 శాతము సిబ్బందితో పని సాగింపుడన్నారు. నియమము ఆరోగ్యరీత్యా సమంజసము. కాని దాని అర్థమేమి? ముగ్గురిలో ఇద్దరికి పని లేదని. ఆ ఇద్దరు ఎవరు? కథానాయిక కాదు, పందిటిలో కూర్చుండు జూనియర్ ఆర్టిస్టు, దీపములు మోయు మనిషి, కుర్చీలు సర్దు కుర్రవాడు. తెలుగు సినీ పనివారి కొరకు 2020 మార్చిలో చిరంజీవి ఆధ్వర్యమున ఒక సహాయనిధి ఏర్పడి, ఇండ్లకు వెచ్చములు అందించినది. అది మెచ్చుకొనదగిన పని. అయినను ఆపదలో అందిన బియ్యపు మూట వేరు, ఆపదకు ముందే ఏర్పరచుకొన్న భీమా, వైద్యసహాయము, నిలకడ గల ఆదాయము వేరు. మొదటిది దయ, రెండవది హక్కు.

ఆ రోజులు గడచిపోయినవి. మాస్కులు తీసివేసినారు. నటులు మరల కౌగిలించుకొనుచున్నారు. మహమ్మారి కాలములో నేర్చినవానిలో కొన్ని నిలుపుకొనదగినవి కలవు: చేతుల శుభ్రత, గాలి ఆడు గదులు, జబ్బుగానున్నవాడు పనికి రాకున్నను తప్పుగా ఎంచకపోవుట. ఈ చివరిది అన్నింటికంటె కష్టమైనది. కూలి కోసిన చోట జ్వరమును దాచుకొని వచ్చువాడే ఎక్కువ.

నేడు ధారావాహికలో పెండ్లి వచ్చినప్పుడు పందిరి నిండుగా కనబడుచున్నది. వెనుక వరుసలో పట్టుచీర కట్టి, నవ్వుచు, అక్షతలు పట్టుకొని కూర్చున్న ఒకామె ఉండును. ఆమెకు మాట ఉండదు, పేరు ఉండదు. 2020లో ఆ కుర్చీ ఖాళీగా ఉన్నది. ఆ ఖాళీని చూపకుండుటకే కెమెరా అంత పాటుపడినది. తెరపై కుర్చీ నిండినది. మరి ఇటువంటి ఆపద ఇంకొకసారి వచ్చినచో, ఆ కుర్చీ మరల ఖాళీ అయిననాడు, ఆమె ఇంటి పొయ్యి వెలుగునట్లు మనము ఏర్పాటు చేసికొన్నామా? ఆరడుగుల దూరము నేర్పిన పాఠములలో మిగిలియున్నది అదియొక్కటే.