షంషాబాదా, గన్నవరమా?

(సూర్యాపేటలో విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో మేము చేసిన ప్రసంగ పాఠం)



విమానాల గురించి మాట్లాడమని పిలిచినప్పుడు మాకు నవ్వొచ్చింది. సూర్యాపేటకు రైలు లేదు. కోదాడకు లేదు. మూడు ఊర్లల్ల మిర్యాలగూడ ఒక్కటే బీబీనగర్-నడికుడి లైను పుణ్యాన రైలు కూత వింటున్నది. రైలే లేని ఊర్లె విమానం ముచ్చటేందని మీలో కొందరికి అనిపించొచ్చు. కానీ ఈ సభలో కూసున్నోళ్లల్ల ఇంటికొకరు బయట దేశంలనో, ఢిల్లీ, బెంగళూరులనో ఉన్నరు. పిల్లలు పరీక్షలకు పోతున్నరు. ముసలి తల్లిదండ్రులు మనుమలను చూడను పోతున్నరు. విమానం ఇయ్యాల దొరల సవారీ కాదు.

మా అనుభవంతోనే మొదలుపెడతం. కోదాడల ఉండే మా తమ్మునికి ఢిల్లీల ఇంటర్వ్యూ పడ్డది. పన్నెండు వందలు తక్కువైతయని మేమే రెండు టికెట్లు తీసినం. గన్నవరం నుంచి ఒక పట్నానికి ఒక కంపెనీల, అక్కడి నుంచి ఢిల్లీకి ఇంకో కంపెనీల. మొదటి విమానం రెండు గంటలు లేటైంది. రెండోది పోయింది. మొదటోళ్లను అడిగితే మీరు మా దగ్గర తీసింది ఇక్కడిదాకనే అన్నరు. రెండోళ్లను అడిగితే మీరు టైముకు రాలేదు అన్నరు. ఇద్దరి మాటా కాయితం మీద ఒప్పే. ఇంటర్వ్యూ మాత్రం పోయింది. తర్వాత చూస్తే, ఆ రోజే గన్నవరం నుంచి నేరుగా ఢిల్లీకి విమానం ఉన్నది. మేము చూడలే. డిగ్రీ చదివినం, పేపర్ల పని చేస్తున్నం, అయినా చూడలే.

అందుకే ఈ లెక్క చెప్తున్నం. సూర్యాపేట అటు హైదరాబాదుకు, ఇటు విజయవాడకు నడిమిట్ల ఉన్నది. ఎటుపోయినా సుమారు 135 కిలోమీటర్లు. గన్నవరం విజయవాడ దాటినంక ఇంకో 20 కిలోమీటర్లు. షంషాబాదుకు పట్నంలకు పోకుండ పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కితే సరిపోతది. అంటే సూర్యాపేటోళ్లకు రెండూ దగ్గర దగ్గర సమానమే. ఏ విమానం నేరుగ పోతదో ఆ దిక్కుకే పోవాలె. కోదాడోళ్లకు మాత్రం గన్నవరమే దగ్గర, 70, 80 కిలోమీటర్ల తేడా ఉంటది. మిర్యాలగూడోళ్లు నల్లగొండ మీదుగనన్నా, సాగర్ రోడ్డున ఇబ్రహీంపట్నం దాటి బొంగుళూరు దగ్గర ఔటర్ ఎక్కన్నా పోవచ్చు. వాళ్లకు షంషాబాదే నయం.

అయితే దగ్గరున్నది కదా అని గన్నవరమే చూస్తే సరిపోదు. ఢిల్లీ, ముంబై, బెంగళూరు వంటి వాటికి అక్కడి నుంచి నేరుగ విమానాలు ఉంటయి. విదేశాలకు లెక్క వేరు. 2018 డిసెంబర్ 4న గన్నవరం నుంచి సింగపూరుకు మొదటి అంతర్జాతీయ విమానం ఎగిరింది. సీట్లు నిండకపోతే ఆ నష్టం ఏపీ ప్రభుత్వం భరించేటట్టు ఒప్పందం. 2019 నడిమిట్లకు అది ఆగిపోయింది. 2022 అక్టోబర్ 31న షార్జాకు మొదలుపెట్టిన్రు. చిన్న విమానాశ్రయంల విదేశీ సర్వీసు ఇట్ల వస్తది, పోతది. పోయినేడు మా బావ పోయిండు కదా అని ఈ యేడు టికెట్టు లెక్కలు వేసుకోవద్దు. దుబాయి, దోహా, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ వంటివి షంషాబాదుల చూడాలె. అమెరికాకు నేరుగ పోయేది అక్కడ కూడ నిలవలే. 2021 జనవరిల ఎయిర్ ఇండియా హైదరాబాదు నుంచి చికాగోకు నాన్‌స్టాప్ మొదలుపెట్టింది, తర్వాత బంద్ పెట్టింది. కాబట్టి అమెరికా పోయే అవ్వా, తాతకు ఒకే ఒక్క చోట మారేది చూడండి. టికెట్టు తీసేటప్పుడే వీల్ చైర్ రాయించండి.

వెతికే పద్ధతి కష్టమేం కాదు. గూగుల్ ఫ్లైట్స్‌ల బయలుదేరే చోట ఒక ఊరే రాయాలని లేదు. హైదరాబాదు కోడు హెచ్‌వైడి, విజయవాడ కోడు వీజీఏ, రెండూ కలిపి రాయొచ్చు. తర్వాత నాన్‌స్టాప్ అన్నది ఎంచుకోండి. ఇక్కడ ఒక మెలిక ఉన్నది. డైరెక్ట్ అన్నంత మాత్రాన నడుమ దిగదని కాదు. ఒకే నంబరు మీద నడుమ ఒక ఊర్ల ఆగి పోయేదాన్ని కూడ డైరెక్ట్ అనే అంటరు. ఎక్కడా ఆగనిదే నాన్‌స్టాప్. ఇంకోటి, విమానాల టైంటేబులు యేడాదికి రెండుసార్లు మారుతది, మార్చి ఆఖరి ఆదివారం ఒకసారి, అక్టోబర్ ఆఖరి ఆదివారం ఒకసారి. ఆ తేదీలకు అటూ ఇటూ ప్రయాణం ఉంటే మళ్లొకసారి కంపెనీ వెబ్‌సైటుల చూసుకోండి. మారక తప్పకపోతే ఒకే పీఎన్‌ఆర్ మీద టికెట్టు తీయండి. అప్పుడు మొదటి విమానం లేటైతే తర్వాతి విమానం ఎక్కించే బాధ్యత కంపెనీది. మా తమ్ముని కథల పోయింది ఈ ఒక్క ముక్కనే.

ఇగ అసలు ప్రశ్నకు వస్తం. మనం ఎందుకు రెండు దిక్కులా ఇట్ల వెతుక్కోవాలె? నిజాం కాలంల, 1930ల, వరంగల్ మామునూరుల విమానాశ్రయం కట్టిన్రు. 1945ల హైదరాబాదు రాజ్యానికి దక్కన్ ఎయిర్‌వేస్ అని సొంత విమాన సంస్థ ఉండె. 1953ల అది జాతీయ సంస్థల కలిసిపోయింది. మామునూరు 1981ల మూతపడ్డది. ఉమ్మడి రాష్ట్రంల విశాఖ, విజయవాడ, రాజమండ్రి, తిరుపతికి విమానాలు తిరుగుతుంటే తెలంగాణ జిల్లాలల్ల ఒక్క దానికీ దిక్కులేకపాయె.

పైగా 2004 డిసెంబర్ 20న షంషాబాదు ఒప్పందం మీద సంతకాలైనయి. 150 కిలోమీటర్ల లోపల, పాతికేండ్ల దాకా, పోటీ విమానాశ్రయం రావద్దని అందుల షరతు. షంషాబాదు తెరిచింది 2008 మార్చిల. లెక్క కట్టుకుంటే 2033 దాకా. ఆకాశమార్గాన గీత గీసి చూస్తే సూర్యాపేట, మిర్యాలగూడ ఆ గీత లోపల పడ్డయి. కోదాడ మాత్రం అవతల పడ్డది. తాళం మన ఇంటికి, చెవి ఎవరి దగ్గరనో!

రాష్ట్రం 2014 జూన్ 2న వచ్చింది. ఆ షరతు దాటను వరంగల్‌కు పదేండ్లు పట్టింది. షంషాబాదు కంపెనీ అభ్యంతరం లేదన్నంక, 2025 ఫిబ్రవరి 28న కేంద్రం మామునూరుకు అనుమతి ఇచ్చింది. ఇది ఆంధ్రోళ్ల మీద వేసి ఊకునే ముచ్చట కాదు. ఆ పదేండ్లు మన ప్రభుత్వాలవే, మనమూ గట్టిగ అడగలే. మామునూరుల విమానాలు తిరిగితే మరిపెడ, తొర్రూరు, వర్ధన్నపేట మీదుగ సూర్యాపేటకు మూడో దారి తెరుచుకుంటది. కోదాడకు, మిర్యాలగూడకు దానితోని పెద్దగ ఒరిగేది లేదు, ఆ మాట కూడ చెప్పాలె.

మరి మూడు ఊర్లకు కలిపి ఏమడగాలె? ఊరూరికి విమానాశ్రయం అడుగుడు గాలిమాట. ఉడాన్ పథకం కింద 2017 ఏప్రిల్ 27న కడప-హైదరాబాదు, నాందేడ్-హైదరాబాదు విమానాలు మొదలైతే మనోళ్లు మనకెప్పుడు అన్నరు. మనకు కావల్సింది ముందుగాల బస్సు. పుష్పక్ బస్సులు ఎల్బీ నగర్ నుంచి విమానాశ్రయానికి పోతయి. అర్ధరాత్రి విమానం దిగిన ఆడపిల్ల అక్కడ సామాను దించుకొని సూర్యాపేట బస్సు కోసం రోడ్డు మీద నిలబడాలె. 2011ల సకల జనుల సమ్మె నాడు మేము డిగ్రీ పోరగాండ్లం, ఇదే హైవే మీద పొయ్యి పెట్టి వంటావార్పు చేసినం. ఆ రోడ్డు మీద మన పిల్లలకు ఒక బస్సు అడగలేమా?

కోదాడల మొదలై సూర్యాపేట మీదుగ ఔటర్ ఎక్కి షంషాబాదు పోయేది ఒకటి, మిర్యాలగూడ నుంచి నల్లగొండ మీదుగ ఒకటి, రాత్రి పది నుంచి తెల్లారి ఐదు నడుమ తిరగాలని ఆర్టీసీకి వినతిపత్రం రాసినం. ఏ రోజు, ఎన్ని గంటల విమానానికి పోయిన్రో, ఎంత కిరాయి కట్టిన్రో రాసే ఖాళీలు అందుల ఉన్నయి. ఉత్త సంతకం కాకుండ ఆ లెక్క కూడ రాయండి, ఆఫీసర్లు అడిగేది అదే. కాయితాలు తలుపు కాడ బల్ల మీద ఉన్నయి. కోదాడ, మిర్యాలగూడ నుంచి వచ్చినోళ్లు మీ ఊరికి కొన్ని పట్టుకపోండి.