పెంపుడు ప్రాణులు, ఏబది రూపాయల జుల్మానా
(పాతనగరమున నొక పఠనమందిరములో గావించిన ప్రసంగ పాఠము)



కుక్కల బెడద యనగానే పురపాలకుల వంక వ్రేలు చూపుట మనకలవాటు. 2023 ఫిబ్రవరిలో మూసీకావల అంబర్‌పేటలో నాలుగేండ్ల పసివానిని వీథికుక్కలు కఱచి చంపిననాడు నగరమెల్ల క్రోధముతో నుడికిపోయినది. ఆ క్రోధము న్యాయమే. కాని వీథికుక్కలన్నియు వీథిలోనే పుట్టినవి కావు. ముచ్చటపడి కొని, ముచ్చట తీఱిన పిమ్మట వాకిట వెళ్లగొట్టినవియు వానిలో గలవు. ఈ సంగతి మాత్రము మనము సభలలో చెప్పుకొనము.

పాతనగరమునకు ప్రాణులను పెంచు సరదా క్రొత్తది కాదు. చార్మినారు చెంత ముర్గీచౌకు తరతరములుగా కోళ్లకును పావురములకును పేరుపడినది. మిద్దెపై పావురముల నెగురవేయువారిని మేము నిందింపము. అయితే రామచిలుకను పంజరమున బెట్టుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ శాసనముచే నేరమని యెఱిగినవారు మనలో నెందఱు?

2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారము వీథికుక్కలకు సంతాన నిరోధ చికిత్సయు టీకాయు చేయించుట స్థానిక సంస్థ విధి. పెంపుడు ప్రాణులకు చేయించుట యజమాని విధి. పెంచిన ప్రాణిని నిష్కారణముగా విడిచి యాకలిదప్పులపాలు చేయుట 1960 శాసనము క్రింద నేరము. శిక్ష యెంత? మొదటి తప్పునకు 10 రూపాయలకు తగ్గక, 50 రూపాయలకు మించని జుల్మానా! ఇరానీ హోటలులో నిద్దఱు మిత్రులు చాయి త్రాగిన చెల్లిపోవు సొమ్ము.

పిచ్చికుక్క కాటు మాట మఱువరాదు. వ్యాధి లక్షణములు పొడసూపిన పిమ్మట వైద్యుడు చేయగలిగినది దాదాపు శూన్యము. 1885లో పాశ్చరు చూపిన టీకా మార్గము అంతకు ముందే పనికివచ్చును. కఱచినచోటును సబ్బుతో పావుగంట కడిగి వెంటనే యాసుపత్రికి పోవలెను. కుక్కకే ముందుగా టీకా వేయించినచో నీ ముప్పు చాలవఱకు తగ్గును.

నగరపాలక సంస్థవారు పెంపుడుకుక్కలకు అనుజ్ఞాపత్రము లిత్తురు. ఆ పత్రమును, టీకాను ఒక్కచోటనే, మొహల్లాలోనే, ఉర్దూలోను తెలుగులోను ఈయవలెనని మేము కోరుచున్నాము. అమ్మినవాడు కొన్నవాని పేరు వ్రాసి సంస్థకు పంపవలెను. పేదవాడు కుక్కను పెంచుకొనరాదా యందురా? నిశ్చయముగా పెంచుకొనవచ్చును, కావుననే రుసుము వలదనుచున్నాము.

జుల్మానా పెంచుట ఢిల్లీవారి పని యని తప్పించుకొన వీలులేదు. జంతుహింసా నివారణము రాజ్యాంగమున నుమ్మడి జాబితాలోని విషయము. 2017లో తమిళనాడు జల్లికట్టు కొఱకు ఈ 1960 శాసనమునే సవరించి రాష్ట్రపతి యామోదము పొందినది. పాతనగరపు శాసనసభ్యులు ఆ మార్గమున నొక సవరణ బిల్లును సభ ముందుంచవలెను.