అట్టముక్కలు, రంగులు, ఆల్బము పుటలు

(స్త్రీల మైత్రి కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



లేఅవుట్ అన్న మాట వినగానే మీలో కొందరు ఇండ్ల స్థలముల సంగతి అనుకొని ఉంటారు. కంగారు పడకండి, మేము ప్లాట్లు అమ్మడానికి రాలేదు. స్క్రాప్‌బుక్ చేసేవారు ఆల్బములో ఒక్కొక్క పుటను అమర్చే తీరును లేఅవుట్ అంటారు. ఒక ఫోటో, దాని పక్కన నాలుగు మాటల వ్రాత, చుట్టూ రంగు, గుడ్డపేలిక, దారము, పాత ఉత్తరపు ముక్క, అట్టతో కోసి రంగువేసిన చిన్న బొమ్మ. ఇన్ని రకముల వస్తువులు ఒకే పుటలో కలుస్తాయి గనుక దీనికి మిక్స్‌డ్ మీడియా అని పేరు. పేరు ఇంగ్లీషుదే గాని పని మనకు కొత్తది కాదు. పాత క్రిస్మస్ కార్డులు, క్యాలెండరు బొమ్మలు, శుభలేఖలు కత్తిరించి నోటుపుస్తకములో అంటించని సండేస్కూలు పిల్లలు మన తరములో ఎవరున్నారు?

ఈ పనికి చరిత్ర కూడా ఉన్నది. అమెరికా హాస్యరచయిత మార్క్ ట్వేన్, పుటల మీద ముందుగానే జిగురు గీతలు పూసి ఉంచిన స్క్రాప్‌బుక్కుకు 1873లో పేటెంటు తీసుకున్నారు. ఆ జిగురును తడి చేసి, కాగితము అంటిస్తే చాలును. తరువాత 1980లో సాల్ట్ లేక్ సిటీలో వంశచరిత్రల మీద ప్రపంచ సభ జరిగినప్పుడు, మారిలెన్ క్రిస్టెన్సెన్ అనే గృహిణి తన కుటుంబపు ఆల్బములను అక్కడ ప్రదర్శించారు. ఈ కాలపు స్క్రాప్‌బుక్ అలవాటుకు అది ఒక మొదలని చెబుతారు. వంశచరిత్ర సభలో అన్న మాట మాకు బాగా నచ్చింది. అందచందముల కంటె ముందు, ఎవరు ఎవరి బిడ్డ అన్న ప్రశ్న ఆ పుటలలో ఉన్నదన్నమాట.

ఇక మన ఇండ్లలో ఫోటోల గతి చూడండి. ఉత్సవముల కొరకు పాత ఫోటోలు తెమ్మని సంఘములలో అడిగితే వచ్చినవి చూశాము. చెమ్మకు అద్దమునకే అతుక్కుపోయి, ఊడదీస్తే ముఖము ఊడి వచ్చేవి కొన్ని. ట్రంకుపెట్టె అడుగున చెదలు తిన్నవి కొన్ని. జిగురుపుట మీద పెట్టి పైన ప్లాస్టిక్ కప్పే ఆల్బములు ఒకప్పుడు ప్రతి పెండ్లికీ కానుకగా వచ్చేవి. వాటిలో జిగురు పసుపు తిరిగి గట్టిపడి, ఫోటో ఇటు రాదు, అటు ఉండదు. అటువంటి ఫోటోను గోటితో గాని చాకుతో గాని లాగవద్దు. సన్నని గట్టి దారమును ఫోటో వెనుకకు దూర్చి, రంపము లాగినట్లు మెల్లగా అటూ ఇటూ లాగితే చాలాసార్లు విడిపోతుంది. మొండికేస్తే వదిలిపెట్టి, పుటతో సహా కాపీ తీయించుకోవడమే మేలు. ఈనాటి ఫోటోలు సెల్‌ఫోనులో వేలకొలది ఉన్నాయి గాని, ఫోను నీళ్ళలో పడిన రోజున అవీ పోతాయి. కాగితము మీద అచ్చు తీయించినవి ఇంటికి పది కూడా లేవు.

అందుచేత మేము ముందుగా చెప్పేది ఒక్కటే. అసలు ఫోటోను పుట మీద అంటించకండి. కాపీ తీయించి దానిని అలంకరించండి. అసలుది మంచి కాగితపు కవరులో, చేతి తడి తగలకుండా, వేరుగా దాచండి. ఈ మాట ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నామంటే, మనము అలంకారమునకు వాడే వస్తువులలో సగము ఫోటోకు శత్రువులే. అట్టనే తీసుకోండి. బైండింగ్ దుకాణములో దొరికే స్ట్రాబోర్డు గడ్డిగుజ్జుతో చేసినది, బూడిదరంగు అట్ట చిత్తుకాగితముల గుజ్జుతో చేసినది. వార్తాపత్రిక కొన్నాళ్ళకు పసుపుబారి పెళుసెక్కడానికి కారణమైన లిగ్నిన్ వీటిలోనూ ఉండవచ్చును. దాని నుండి ఆమ్లము పుట్టి, ఆనుకొని ఉన్న కాగితమునకు పాకుతుంది. ఆమ్లరహితమైన అట్ట అని ముద్రవేసి అమ్మేవి ఉన్నాయి, ధర ఎక్కువ. పైన రంగు వేస్తే ఆమ్లము కొంత ఆగుతుంది గాని పూర్తిగా ఆగదు. మైదా బంక సంగతి కూడా అంతే. బైండింగు చేసేవారు అందులో మైలుతుత్తము కలిపేది ఊరికే కాదు, పురుగు కొరకు. మైలుతుత్తము కలిపిన బంక ఖాతాపుస్తకమునకు సరిపోవును గాని ఫోటో దగ్గరకు రానీయకూడదు.

ఇంత భయపెట్టిన తరువాత, అట్ట పనిలోని ఆనందము కూడా చెప్పాలి. ఒకటి రెండు మిల్లీమీటర్ల మందమున్న అట్టను నక్షత్రముగా, ఆకుగా, గంటగా, బండిచక్రముగా, అక్షరములుగా కోయవచ్చును. కోసినవి కూడా బజారులో దొరుకుతాయి, కాని మన ఊరి గంటగోపురము బజారులో దొరకదు, దానిని మనమే కోసుకోవాలి. పదునైన బ్లేడుతో ఒక్క ఊపున కోయాలనుకోవద్దు. మూడు నాలుగు సార్లు తేలికగా గీస్తే అంచు చీలదు. తరువాత సన్నరకము ఉప్పుకాగితముతో అంచులు రుద్దాలి. మేము చూసినంతవరకు తొందరపడేవారు వదిలేసేది ఈ అంచునే, పుట చూసేవారి కన్ను మొదట పడేదీ అక్కడే.

రంగు నేరుగా వేయకూడదు. అట్ట దాహము మీద ఉన్న నేలవంటిది, ఎంత పోస్తే అంత తాగుతుంది. కొండపల్లి బొమ్మలవారిని చూడండి. తెల్లపొణికి కర్ర మీద వెంటనే రంగు పూయరు. చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో ముక్కలు అతికి, సున్నపు పూత వేసి ఆరిన తరువాతనే కుంచె ముంచుతారు. చేర్యాల నకాషీవారు కూడా గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల బంక పూసిన తరువాతనే బొమ్మ వ్రాస్తారు. ఇటలీవారు అటువంటి తెల్లపూతను జెస్సో అన్నారు. ఇప్పుడు అక్రిలిక్ జెస్సో డబ్బాలలో దొరుకుతున్నది. పలుచగా రెండు పూతలు చాలును. ఒక్క సంగతి మరువవద్దు: రెండు వైపులా పూయాలి. ఒకవైపే పూస్తే ఎండేటప్పుడు అట్ట గిన్నెలాగా వంగుతుంది. వంగిన తరువాత బరువు పెట్టి సరిచేయడము కంటె, వెనుక కూడా ఒక పూత వేయడము తేలిక.

పూత ఆరిన తరువాత అక్రిలిక్ రంగులు. పాతబడిన గోడ బీటలవలె కావాలంటే, అడుగున ముదురు రంగు వేసి ఆరనిచ్చి, పైన తెల్ల ఫెవికాల్ పూసి, అది అంటుకునేంత తడిగా ఉండగానే లేతరంగు ఒకే ఊపులో వేయాలి. మళ్ళీ మళ్ళీ కుంచె తిప్పితే బీటలు రావు. ఆరేకొద్దీ పైరంగు చీలి, అడుగు రంగు గీతలుగా బయటపడుతుంది. పిల్లలకు చూపిస్తే కదలకుండా కూర్చొని చూస్తారు, అది మరొక లాభము. ఇనుము తుప్పువలె కావాలంటే గోధుమరంగు, నారింజరంగు స్పాంజి ముక్కతో అద్దాలి. కొందరు దీనికి కాఫీపొడి, దాల్చినచెక్కపొడి చల్లుతారు. మన దేశములో ఆ పని చేస్తే ఆల్బముకు మొదటి పాఠకులు పురుగులే.

మన వాతావరణమునకు సంబంధించిన మరొక జాగ్రత్త ఉన్నది. వేసవి ఉక్కలో అక్రిలిక్ రంగు ఆరినట్లే కనబడి, ఎదుటి పుటను గాని ప్లాస్టిక్ కవరును గాని పట్టుకొంటుంది. రంగు వేసిన పుటను కొన్ని దినములు తెరిచి ఉంచి, మధ్యలో బటర్ పేపరు పెట్టి మూయండి. అట్టబొమ్మ ఎత్తుగా ఉంటుంది గనుక, దాని ఎదురుగా ఫోటో రాకుండా చూసుకోవాలి. లేనిచో పుస్తకము మూసినప్పుడల్లా చక్రము ఆకు వెళ్ళి ఎవరో ఒకరి చెంప మీద నొక్కుకుంటుంది.

అమర్చే విషయములో సూత్రములు చాలామంది చెబుతారు. మేము ఒక మాటతో ఊరుకుంటాము. పెండ్లికూతురికి ఎన్ని నగలు పెట్టినా ముఖము కనబడాలి గదా. పన్నెండు అంగుళముల పుటలో మూడు అట్టబొమ్మలు ఎక్కువే. మెరుపుపొడి మీద యౌవనస్థులకు మక్కువ ఉన్నదని మాకు తెలుసు, కాదనము. అయితే అది రాలి ఫోటో మీద పడి గీతలు పెడుతుంది. అట్టబొమ్మ ఆ ఫోటోలోని మనుష్యులకు సంబంధించినదై ఉంటే మరీ మంచిది. గోదావరి లంక గ్రామపు కుటుంబమునకు పడవ, నేతపని చేసిన తాతయ్యకు నాడె కోసి పెట్టండి. ఎవరికైనా సరే అని సీతాకోకచిలుక అంటిస్తే, ఆ పుట ఎవరిదీ కాకుండా పోతుంది.

ఈ మాటలకు ఉదాహరణగా మేము చేసిన ఒక పుటను తెచ్చాము. దేవాలయము ముందు తీసిన ఒక పాత గుంపు ఫోటో కాపీ ఇది. మధ్యలో కుర్చీలో కూర్చున్న దొరసానిగారి పేరు కింద అచ్చువేసి ఉన్నది. వెనుక నిలబడిన తొమ్మిదిమందికి కలిపి ఒక్కటే మాట: బైబిలు స్త్రీలు. ఎండలో ఊరూరా నడిచి, చదువురాని తల్లులకు అక్షరములు దిద్దించినవారు వీరు. ఇటువంటి పాత ఫోటోలు చాలావాటిలో వ్రాత ఇదే తీరుగా ఉంటుంది.

ఈ ఫోటోను మన సంఘములోని ఒక పెద్దామె దగ్గరకు తీసుకొని వెళ్ళాము. ఆమె కండ్లజోడు తుడుచుకొని, ఎడమనుండి రెండవ ఆమెను చూపి, "ఈమె మా పెద్దమ్మ గదటే," అన్నారు. తరువాత మరి ముగ్గురి పేర్లు చెప్పారు. ఒకామెను ముఖము చూసి కాదు, చీర కట్టిన తీరు చూసి పోల్చారు. మిగిలిన అయిదుగురిని గురించి మళ్ళీ వారము రమ్మన్నారు. మళ్ళీ వారమునకు ఆమె ఆసుపత్రిలో ఉన్నారు, ఆ తరువాత మాకు ఆ అవకాశము లేకపోయింది.

పుట ఎట్లా చేశామో చూడండి. ఆ స్త్రీల చేతిలో గొడుగు, సంచి ఉండేవని అందరూ చెప్పేదే. అందుచేత అట్టతో తొమ్మిది చిన్న గొడుగులు కోసి, తెల్లపూత వేసి, పైన నల్లరంగు పూసి, అంచులకు మాత్రము ఉప్పుకాగితము రుద్ది వెలిసినట్లు చేశాము. వారు నిలబడిన వరుసలోనే ఫోటో కింద అమర్చాము. ప్రతి గొడుగు వెనుక ఒక చిన్న కార్డు దూర్చి ఉన్నది. గొడుగును పైభాగమున మాత్రమే అంటించాము గనుక కార్డు బయటకు లాగి వ్రాసి, మళ్ళీ దూర్చవచ్చును. నాలుగు కార్డుల మీద పేరు, ఊరు, ఎవరి తల్లి, ఎవరి అత్త అన్నది వ్రాసి ఉన్నది. అయిదు కార్డులు ఖాళీ.

ఈ ఆల్బము కూడిక అయిన తరువాత వరండాలో బల్ల మీద ఉంటుంది. పక్కనే మెత్తని పెన్సిలు దారముతో కట్టి పెట్టాము. బాల్‌పెన్ను వద్దు, అది అచ్చు దిగుతుంది. ఎడమనుండి ఒకటి, మూడు, నాలుగు, ఏడు, తొమ్మిది స్థానముల వారిని ఎవరైనా గుర్తుపడితే ఆ కార్డు తీసి వ్రాయండి. పూర్తిపేరు తెలియకపోయినా, ఇంట్లో పిలిచిన పేరైనా సరే. కింద మీ పేరు, మీ పాస్టరేటు కూడా వ్రాస్తే, మేము మళ్ళీ మీ ఇంటికి వచ్చి అడుగుతాము.