పాతపడవ – అరిగిన ఇంజను: బాగుసేయుటయా, విడుచుటయా?



మొవ్వయందు సమావేశమైన ఈ వార్షికమహాసభలో మేము ప్రసంగింపబూనిన విషయము చూపునకు చిన్నది. పాతబడిన పడవయు, అందు అరిగిన ఇంజనును గలవాడు దానిని బాగుసేయించుకొనవలెనా, విడువవలెనా యనునదే ప్రశ్న. బందరు గిలకలదిండి రేవునందును, నాగాయలంకవైపునను మనవారి యిండ్ల నీప్రశ్న తరచుగ పుట్టుచున్నది. పుట్టినప్పుడెల్ల ఒక కుటుంబపు అప్పును, కొందరి ప్రాణములును దానితో ముడిపడియుండును. కావున దీనిని విచారించుట సభాగౌరవమునకు తక్కువ గాదు.

మన పూర్వులకు జీర్ణోద్ధరణమను మాట కలదు. దేవాలయవిషయమున ఆగమములు శిథిలమైనదానినెల్ల నిలుపుమని చెప్పవు. నిలుపదగినదానిని నిలుపుమనియు, మిక్కిలి భిన్నమైన బింబమును విధ్యుక్తముగ విసర్జించి నూతనబింబమును ప్రతిష్ఠింపుమనియు చెప్పును. దేవతామూర్తి విషయముననే యింత వివేకము వలసియుండగా పడవవిషయమున వలదా?

విచారణ పడవదేహముతో ప్రారంభింపవలెను, ఇంజనుతో గాదు. ఏలయన ఇంజనును విప్పి వేరొక పడవకు మార్చుకొనవచ్చును. అడుగుదూలము క్రుళ్లెనా, దానిని మార్చుట పడవను క్రొత్తగ గట్టుటతో సమానము. పడవను ఒడ్డునకు లాగి, నాచు గీకించి, పలకలపై సుత్తితో తట్టిచూడుడు. గట్టికఱ్ఱ ఖంగున మ్రోగును. క్రుళ్లినది మందముగ పలుకును. అనుమానమున్నచోట మొనగల పనిముట్టును గ్రుచ్చిన నిజము తెలియును. ఇంజను కూర్చుండు దూలములను, మేకులచుట్టు త్రుప్పుమరకలను విడువక చూడుడు. ఉప్పునీటిలో కఱ్ఱను దొలుచు పురుగు వెలుపల సన్నని రంధ్రము మాత్రమే చూపి, లోపల తేనెపట్టువలె చేసివేయును. ఫైబరుపడవయైనచో ఇంజనును తగిలించు వెనుకపలక మెత్తబడెనా, పగుళ్లలో నీరు దిగెనా యని చూడవలెను.

భోజుని పేర ప్రసిద్ధమైన యుక్తికల్పతరువు నౌకాదారువును నాలుగు తెగలుగ విభజించి, భిన్నజాతుల కఱ్ఱలను కలిపికట్టిన నావ చిరకాలము నిలువదనియు, నీట క్రుళ్లుననియు తెలుపుచున్నది. పాతపలకలనడుమ దొరికిన కఱ్ఱముక్క నెల్ల అతికించువారు ఈహెచ్చరికను తలపవలెను.

ఇక ఇంజను. పొగయే దాని నాడి. నల్లనిపొగ వచ్చినంతనే ఇంజను చచ్చెనని యెంచరాదు. గాలి చాలకున్నను, ఇంజెక్టరు పాడైనను, ప్రొపెల్లరు వంగినను, అడుగున గవ్వలంటి పడవ బరువెక్కినను అట్టిపొగ రావచ్చును. స్వల్పవ్యయముతో పోవు దోషములను ముందుగ పోగొట్టవలెను. నీలిపొగ విడువక వచ్చుచు, నూనె దినదినము తరుగుచుండిన, పిస్టను రింగులును లైనరును అరిగియుండవచ్చును. క్రాంకును బ్లాకును చక్కగనున్నచో వీనిని మార్చుట సార్థకము. అవియును చెడియుండ, అరిగిన లైనరులో క్రొత్తరింగులు వేయుట నాలుగునాళ్ల ముచ్చట.

అటుపిమ్మట లెక్క. మరమ్మతునకు మూడులక్షలగునని యనుకొందము. పడవదేహము ఆరేండ్లు నిలుచునదైన ఏటికి ఏబదివేలు. రెండేండ్లే నిలుచునదైన ఏటికి లక్షయేబదివేలు. ఇంజనొకటే, ఖర్చొకటే, దేహమునుబట్టి ఫలము మారినది. ఇందు అరిగిన ఇంజను త్రాగు అధికపు డీజిలును, వేటకుపోని దినముల నష్టమును చేర్పవలెను. చేపలవర్తకునియొద్ద అప్పు తెచ్చి, పట్టిన చేపను అతడు చెప్పిన ధరకే యిచ్చువాడు ఆధరలోని తరుగును గూడ వడ్డీగనే వ్రాసికొనవలెను. ఇంతయు వ్రాసిన పిమ్మట ఏటి యీతకు లంకమేతకు సరియైనచో ఆమరమ్మతు వలదు.

అన్నిటికంటె ముఖ్యమైనది ప్రాణము. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో వేలమందిని పొట్టనబెట్టుకొనినది. నేడు తుపానుహెచ్చరికలు చాల ముందుగనే అందుచున్నవి. కాని హెచ్చరిక పడవను ఒడ్డునకు చేర్పదు, ఇంజను చేర్పవలెను. నడిసంద్రమున నిలిచిపోవు ఇంజనుగలవానికి వార్త వినబడియు ఏమి ఫలము? యజమాని ఒడ్డున గూర్చుండి నిర్ణయించును. దానిఫలమును సరంగును కళాసులును సముద్రమున ననుభవింతురు. కావున మొదట వినవలసినది వారిమాట.

‘ఇది మా నాయన పడవ, దీనిపై బిడ్డలపెండ్లిండ్లు చేసితిమి’ అనువారు మనలో కలరు. ఆయభిమానము పూజ్యమే. తండ్రిపేరు క్రొత్తపడవకు పెట్టుకొనవచ్చును. తండ్రిపడవలో కుమారుని ముంచరాదు. అట్లని దేహము గట్టిగనున్న పడవను క్రొత్తదానిపై మోజుతో అమ్మి అప్పులపాలగుటయు అవివేకమే.

పోషకమహాశయులకు మా విన్నపమొకటి. తూర్పుతీరమున ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు 61 దినములు వేట నిషిద్ధము. పడవలు ఒడ్డుననుండు ఆకాలమున, మరమ్మతుపనిలో లాభములేని యొక వడ్రంగిచేతను, ఒక మెకానిక్కుచేతను మన సంఘము పేదల పడవలను పరీక్ష చేయించి, వ్రాతమూలముగ అభిప్రాయ మిప్పింపవలెను. బాగుసేయదగిన పడవకు చేపతో ముడిపెట్టని ఋణమొసంగవలెను. దాతలొసగు ద్రవ్యము క్రుళ్లినకఱ్ఱపై రంగు పూయుటకు గాక, మనుష్యులు క్షేమముగ ఇల్లు చేరుటకు వినియోగపడుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాము.