మెదడుకు దెబ్బ తగిలితే మాట వినేదెవరు?



స్కూటరు మీంచి పడి తలకు దెబ్బ తగిలిన మనిషి ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాడనుకోండి. గాయం మానింది. కాని పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి గుర్తుండదు, చిల్లర లెక్క తప్పుతుంది, చీటికీ మాటికీ కోపం. ఇంట్లోవాళ్లు పొగరంటారు. అది పొగరు కాదమ్మా, మెదడుకు తగిలిన దెబ్బ కావచ్చు. జ్ఞాపకం, ధ్యాస, మాట, ఆలోచన, వీటిలో ఏది చెడిందో, ఏది మిగిలిందో పరీక్షించి దారి చూపేవారే క్లినికల్ న్యూరోసైకాలజిస్టులు.

మన అమ్మాయి ఈ విద్య నేర్వాలంటే డాక్టరు చదువు అక్కర్లేదు. సైకాలజీలో డిగ్రీ, ఆపైన ఎం.ఏ. గాని ఎం.ఎస్సీ. గాని కావాలి. ఉస్మానియాలో ఈ శాఖ ఉంది. అక్కడితో ఆగితే చాలదు. ఆసుపత్రిలో పెద్దల కనుసన్నల్లో రోగులను చూస్తూ నేర్చుకోవాలి. చాలా ఏళ్లు అందుకు రాజమార్గం రెండేళ్ల ఎం.ఫిల్. 2022లో యు.జి.సి. ఎం.ఫిల్.ను ఎత్తివేసి, క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025-26 వరకు గడువిచ్చింది. కనుక ఫీజు కట్టేముందు ఆ కోర్సుకు భారత పునరావాస మండలి గుర్తింపు ఉందో లేదో తప్పక చూసుకోండి. క్లినికల్ సైకాలజిస్టుగా ఆ మండలి రిజిస్టరులో పేరెక్కాలి. తర్వాత బెంగుళూరు నిమ్హాన్స్ వంటి చోట నరాల జబ్బులవారి దగ్గర అనుభవం, వీలైతే పిహెచ్.డి. అమెరికాలోనైతే 1997 హ్యూస్టన్ సమావేశం డాక్టరేటు పైన మరో రెండేళ్ల శిక్షణ ఉండాలని చెప్పింది.

“ఏడెనిమిదేళ్లా! మరి పెళ్లెప్పుడు?” అంటారు. ఒక్క మాట వినండి. బొంరాస్‌పేటలో బడి మొహం చూడని అవ్వ ఉందనుకోండి. ఇంట్లో తెలుగు, అంగడిలో ఉర్దూ. పెన్సిలిచ్చి బొమ్మ గీయమంటే గీయలేదు. అది మతిమరుపు రోగమా, పలక పట్టని చేతి బెరుకా? ఆమె మాట, బతుకు తెలిసినవారే తేల్చగలరు. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం ఈ జబ్బున్న 648 మందిని పరిశీలించి 2013లో ఒక సంగతి ప్రకటించింది. రెండు భాషలు మాట్లాడేవారికి ఆ జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందట, చదువురానివారిలో కూడా!

ఆ అవ్వ మాట అర్థమయ్యే పిల్ల ఆ ఊళ్లోనే ఇంటరు చదువుతూ ఉండవచ్చు. మీకు మేనకోడలో, మరదలి కూతురో కావచ్చు. పెళ్లి సంబంధంతో పాటు ఈ చదువు సంగతీ ఆమె చెవిన వేయండి.