పాత వస్తువు చెప్పే సాక్ష్యం



మనలో చాలామంది కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు అద్దెకు తెచ్చుకుని చదివినవారే. డిటెక్టివ్ ఏ వస్తువునైనా అడిగేవి మూడు ప్రశ్నలు: ఎవరిది? ఎక్కడిది? ఇక్కడికెలా వచ్చింది?

ఇంగ్లండు రచయిత్రి అగాథా క్రిస్టీకి అపరాధ పరిశోధన నవలలతో పాటు పురావస్తువులన్నా ప్రాణం. భర్త మాలోవన్ పురావస్తు శాస్త్రజ్ఞుడు. ఇరాక్‌లోని నిమ్రూద్ తవ్వకాల్లో దొరికిన దంతపు చెక్కడాలను ఆమె ముఖానికి రాసుకునే క్రీముతో శుభ్రం చేశారు. 1973లో, 83వ ఏట కూడా నవల వెలువరించారు. కనుక వయసు అడ్డమనకండి.

మన తాండూరు ఇళ్లలోనూ నిజాం కాలపు హాలీ సిక్కాలు, ఉర్దూ రశీదులు, నాయనమ్మల రాగి బిందెలు ఉన్నాయి. ఆ ఉర్దూ చదవగలవారు మనలో కొద్దిమందే మిగిలారు. రేపు బిందె పాత సామాన్లవాడి తక్కెడలోకి పోతుంది. దాని కథ అంతకుముందే మనతో పోతుంది.

నా మనవి ఒక్కటే. నెలవారీ సమావేశంలో ఒక గంట రచనకు కేటాయిద్దాం. ఒక్కొక్కరు ఒక వస్తువు తెచ్చి, ఆ మూడు ప్రశ్నలకు ఒక పేజీలో జవాబు రాద్దాం. తెలియనిది తెలియదనే రాద్దాం. చెయ్యి వణికేవారు చెబితే మనవలు రాస్తారు.

సెలవు.